తూప్రాన్‌ల లేని ఆఫీసు

ఆగుండ్రి. ఒక్క నిమిషం ఆ వేలు పైకి జరుపుడు ఆపి ఇనుండ్రి. ఇది లవ్ స్టోరీనే, గని ఇందుల బీచ్ లేదు, బైక్ మీద గోవా లేదు. మెదక్ ఉంది, వాన ఉంది, ఒక కెర్నల్ ప్యాచ్ ఉంది. కెర్నల్ అనంగనే భయపడకుండ్రి. అది కంప్యూటర్ లోపల అందరి పనులు చూసే పెద్దమనిషి, అంతే. మిగతాది నేను చెప్త.

రఘుపతిది శంకరంపేట. ఆడ నెట్ సరిగ్గ రాదని మెదక్‌ల ఒక రూమ్ కిరాయికి తీస్కోని, హైదరాబాద్ కంపెనీకి ఇంట్లకెల్లే పని చేస్తుండు. ఆ కంపెనీ ఊర్ల బడులకు చిన్న డబ్బాలు అమ్ముతది. డబ్బాల పాఠాల వీడియోలు ఉంటయి, పిల్లల ట్యాబ్‌లకు అది పంపుతది. ఊర్ల నెట్ లేకున్నా నడుస్తది. మంచి డబ్బానే, గని మస్తు స్లో. క్లాసంత ఒక్కసారి వీడియో నొక్కిండ్రంటే గుండ్రంగ తిరుగుడే తిరుగుడు.

ఎందుకు స్లో అని రఘుపతి తవ్విండు తవ్విండు, పట్టుకున్నడు. వీడియో మెమరీల ముక్కలు ముక్కలు పడి ఉంటది. ఒక్కో ముక్కను పేజీ అంటరు. డబ్బాల ఉన్నది పాత చిన్న ప్రాసెసర్, దానికి అన్ని పేజీలు ఒక్కసారి కనవడయి. అందుకని కెర్నల్ ఏం జేస్తదంటే, పేజీ పంపాల్నంటే దానికి ఒక కిటికీ తెరుస్తది, పంపుతది, కిటికీ మూస్తది. మూసినంక ఊకుంటదా? ఊకోదు. పక్కన ఉన్న ప్రాసెసర్లన్నిట్ని పని ఆపించి, "గా కిటికీ లేదిగ, పాత అడ్రస్ మర్చిపోండ్రి" అని చెప్తది. అన్నీ "మర్చిపోయినం" అనేదాంక నిలబడ్తది. పంపుడు చిటికెల పని. తెరుసుడు, మూసుడు, అందరితోని మర్చిపోయేటట్టు చేసుడు, గదే అసలు బరువు.

రఘుపతి ఆ చివరి పని, మర్చిపోండ్రి అని చెప్పుడు, పీకేసిండు. ఎవ్వలికి చెప్పుడు లేదు, గప్‌చుప్. డబ్బా ఉరికింది సూడు, పట్టుకోలేం. కోడ్‌ల గిట్ల చేసిన మార్పునే ప్యాచ్ అంటరు, అది ఖుషీల కంపెనీకి పంపి పండుకున్నడు.

పొద్దున లేశి చూస్తే కింద ఒక కామెంట్. దేవిక అని పేరు, వేరేటోళ్ళ కోడ్ రివ్యూ చేసుడు ఆమె పని.

"ఇది తీసుకోం. పక్క ప్రాసెసర్ పాత అడ్రస్‌నే పట్టుకోని కూసుంటది. ఏడో క్లాస్ పిల్లకు పదో క్లాస్ పాఠం పోతది. టెస్ట్ చేసిండ్రా, కల గన్నరా?"

ఎవరీమె? రఘుపతికి చెవులకెల్లి పొగలొచ్చినయి. మధ్యాహ్నం మేనేజర్ స్నిగ్ధ ఇద్దర్ని కాల్‌ల కూసోబెట్టింది.

"టెస్ట్ చేసిన మేడమ్," అన్నడు రఘుపతి.

"ఒక్క ట్యాబ్ పెట్టి చేసిండ్రు. క్లాసంత పెట్టి చేసిండ్రా?" అన్నది దేవిక. గొంతు మెత్తగనే ఉంది, మాటే సూది.

"హైదరాబాద్‌ల ఏసీ కింద కూసోని చెప్పుడు ఈజీ మేడమ్. ఈడికొచ్చి బడులు చూస్తే తెలుస్తది."

"ఏసీనా? మా ఇంట్ల ఫ్యాన్ గూడ మూలుగుతది. మీకేమెరుక..."

కరెంట్ పోయింది. కాల్ కట్. రఘుపతి మొబైల్ డేటా పెట్టుకోని మళ్ళ ఎక్కేసరికి, దేవిక గూడ అప్పుడే ఎక్కింది. ఇద్దరు ఒక్కసారే, "సారీ, కరెంట్ పోయింది" అన్నరు.

స్నిగ్ధ నవ్వు ఆపుకుంట, "ఒక్కసారి పోయిండ్రు, ఒక్కసారి వచ్చిండ్రు. మీది ఒకటే ఊరా ఏంది?" అన్నది.

"నాది మెదక్," అన్నది దేవిక.

రఘుపతి మ్యూట్ నొక్కబోయిండు. గప్పుడే బయట ఒక ఉరుము ఉరిమింది. ఆయన మైక్‌ల వినవడ్డది, ఆమె మైక్‌ల వినవడ్డది, ఒకటే ఉరుము. ఇగ దాచుడేముంది.

"నాది గూడ," అన్నడు చిన్నగ.

"అయితే నన్ను పంచాయితీ పెద్దను చెయ్యకుండ్రి. ఇద్దరు ఒక్కకాడ కూసోని లొల్లి తెంపుకోండ్రి," అని స్నిగ్ధ కాల్ పెట్టేసింది.

ఒక్కకాడంటే ఏడ? దేవికకు ఫేబ అని చిన్నప్పటి దోస్త్ ఉంది. చర్చి రోడ్డుల మేడ మీద మగ్గం వర్క్ షాప్ నడుపుతది, పెండ్లి జాకెట్లకు పూసలు, జరీ కుట్టుడు. ఆమె తాన ఇన్వర్టర్ ఉంది. రఘుపతి తడుసుకుంట మెట్లెక్కి పోయేసరికి, రెండు మగ్గాల నడుమ లాప్‌టాప్ పెట్టుకోని ఒక పిల్ల కూసోనుంది. కండ్లద్దాలు నెత్తి మీదికి నెట్టింది. జడకు ఎవరిదో జాకెట్‌కెల్లి రాలిన చమ్కీ అంటుకోని మెరుస్తుంది, ఆమెకు తెల్వదు.

"మీరేనా రఘుపతి?" అన్నది పైకెల్లి కిందికి చూసి. "ఆ పేరు చూసి రిటైరైన సార్ అనుకున్న."

"మా తాత పేరు. తాత పోయిండు, పేరు నాకంటింది."

"ప్యాచ్ గూడ తాత రాసిందేనా?"

మగ్గం కాడకెల్లి ఫేబ కిసుక్కుమన్నది. రఘుపతికి కోపం రావాలె, వస్తలేదు. ఆ చమ్కీ చూస్తుండు. చెప్పాలెనా వద్దా అని ఒక గంట పరేషాన్ అయిండు, ఆఖరికి చెప్పలే.

వారమంత కొట్లాడిండ్రు. ఫేబ, "మీరు పని చేస్తుండ్రా, భూమి పంచుకుంటుండ్రా?" అని అడిగేది. ఒకరోజు దేవిక బోర్డు మీద గీసుకుంట గీసుకుంట ఆగి, "అసలు కిటికీ ఎందుకు ముయ్యాలె?" అన్నది.

"ముయ్యకుంటే?"

"తెరిచే పెడదాం. మళ్ళ అదే పేజీ కావాల్నంటే అదే కిటికీ వాడుకుందాం. క్లాసంత చూసేది ఒకటే పాఠం గద. ముయ్యకుంటే, మర్చిపోండ్రి అని ఎవ్వలికి చెప్పే పనే లేదు."

రఘుపతి ఆమె దిక్కు చూసిండు. ఆడ్నే, ఆ మార్కర్ మరక అంటిన చెయ్యి కాడ్నే, పడిపోయిండు పిల్లగాడు. ఇద్దరి మధ్యల మీరు పోయి నువ్వు అయ్యింది. ఎప్పుడయ్యిందో ఇద్దరికి ఎరుక లేదు.

ఇగ అసలు కష్టం ఈడ మొదలు.

దేవిక వాళ్ళ నాయిన బిక్షపతి. బస్టాండ్ దగ్గర మోటార్ వైండింగ్ షాప్. చుట్టుపక్కల బోరు మోటార్ ఎవరిది కాలినా ఆయన కాడికే వస్తది, అందుకని ఊర్ల సగం మంది ఆయనకెరుక, మిగతా సగానికి ఆయనెరుక. బిడ్డకు ఇంట్లకెల్లి చేసే కొల్వు దొరికిననాడు ఒక్క మాటే అన్నడు. "మంచిగ చేస్కో బిడ్డా. ఊర్ల మాట మాత్రం రావొద్దు." గంతే. ఇగ రఘుపతి కులం వేరు. ఆ ముచ్చట ఇద్దరు ఒక్కసారి గూడ నోటికి తేలే, గని ఇద్దరికి ఎరుకే.

సో, కలవాల్నంటే ప్రతిసారి ఒక అబద్ధం కావాలె. అమ్మ రాజమణికి, ఫేబ కాడ జాకెట్ కొలతలు. నాయినకు, బ్యాంక్‌ల పని. పక్కింటి యాదవ్వకు, పంటి నొప్పి. ఇంటికొచ్చినంక మళ్ళ ముగ్గురిని సర్దాలె. నాయిన బ్యాంక్ ముచ్చట యాదవ్వ కాడ ఎత్తకముందే, యాదవ్వ పంటి ముచ్చట అమ్మ కాడ తియ్యకముందే.

"జాకెట్ ఇంకా అయితలేదా బిడ్డా? చీర పాతగైపాయె," అన్నది యాదవ్వ ఒకరోజు గోడ మీదికెల్లి. పన్ను గురించి చెప్పిన ఆమెకే దేవిక జాకెట్ గూడ చెప్పిందట, మర్చిపోయింది.

ఆ సాయంత్రం ఫేబ షాపుల దేవిక తల పట్టుకోని కూసుంది. "నీతోని మాట్లాడేది జర్రంత సేపు. దానికి ముందు ముగ్గురికి కథలు, వెనుక ముగ్గురిని మరిపించుడు. నాకు చాతనైతలేదు రఘు."

"ఇది మన డబ్బానే," అన్నడు రఘుపతి. "కిటికీ తెరుసుడు, మూసుడు, అందరికి చెప్పుడు."

నవ్వుకుంటనే అన్నడు. దేవిక నవ్వలే. ఆమె కండ్లు ఆ బోర్డు మీదికి పోయినయి.

"అయితే ముయ్యొద్దు," అన్నది. "రోజుకొక కథ ఎందుకు? ఒక్కటే కథ, తెరిచే పెడదాం. కంపెనీ హైదరాబాద్ దిక్కున్న తూప్రాన్‌ల చిన్న ఆఫీస్ తెరిచింది, మంగళవారం, శుక్రవారం పోవాలె. ఒక్కసారి చెప్తే అయిపాయె. మళ్ళ ఎవ్వలు అడగరు."

"తూప్రాన్ పోయి ఎవరన్న చూస్తే?"

"మా నాయిన షాప్ ఇడిసి నడుమ దారిల ఉన్న చేగుంట గూడ దాటడు. ఎవరు పోతరు?"

వేరేటోళ్ళు ఎవ్వలూ ఇట్ల అబద్ధం ఆడరు, చెప్తున్న. ఇద్దరు ఇంజనీర్లు కూసోని అబద్ధాన్ని ఫాస్ట్ చేసిండ్రు.

నడిచింది గూడ. మస్తు నడిచింది. ఇంట్ల ఎవ్వలు అడుగుడు లేదు. బిక్షపతికైతే షాప్‌కొచ్చినోళ్ళందరికి చెప్పుడే పని. "మా దేవి తూప్రాన్ ఆఫీస్‌ల చేస్తది." బోరు మోటార్ పట్టుకొచ్చిన రైతుకు తూప్రాన్ ఆఫీస్‌తోని ఏం పని? ఇనుకుంట తల ఊపేటోడు.

గని ఒక్కటి. పొద్దున నాయిననే టీవీఎస్ మీద బస్టాండ్‌ల దింపేటోడు. దింపి పోడు. బస్ కదిలేదాంక వానల నిలబడేటోడు, కిటికీల బిడ్డ మొఖం కనవడేదాంక. దేవిక చెయ్యి ఊపేది. బస్ ఊరు దాటినంక మొదటి స్టాప్‌ల దిగి, మొఖానికి స్కార్ఫ్ కట్టుకోని, ఆటోల వెనుకకు వచ్చేది. ఆటోల కూసోని రోజు ఒకటే అనుకునేది, ఈ ప్యాచ్ అయిపోయినంక నాయినకు చెప్పేస్త.

ప్యాచ్ అయ్యేటట్టే ఉంది. ప్రేమ గూడ. ఒకరోజు వాన తగ్గేదాంక మేడ మెట్ల మీద నిలబడ్డరు. రఘుపతి చాలాసేపు గొంతు సవరించుకున్నడు.

"ఏంది, జలుబా?" అన్నది దేవిక.

"కాదు. నేను ఏం రాసినా నువ్వే చూడాలె. ఇగ ఎప్పటికి. ఇంకెవ్వల రివ్యూ నాకు వద్దు."

ఆమెకు అర్థమైంది. కండ్లద్దాలు తీసి దుపట్టా అంచుతోని తుడిచింది, అద్దాల మీద చుక్క లేదు. "ముందు క్లాసంత పెట్టి టెస్ట్ చెయ్యి," అన్నది. "పాసైతే చూద్దం."

లోపలికెల్లి ఫేబ, "ఒప్పుకున్నదిరా పిచ్చోడా," అన్నది.

నవ్వుకోండ్రి. ఈ కథల నవ్వుడు ఈడిదాంకనే.

ఆ శుక్రవారం పొద్దున్నుంచి వాన. ఆగుడు లేదు. చర్చి గోపురం గూడ మబ్బుల మునిగి కనవడ్తలేదు. ఆ రోజే డెమో. కంపెనీ పెద్దోళ్ళందరు కాల్‌ల ఉన్నరు. దేవిక పొద్దుగాలనే ఫోన్ సైలెంట్‌ల పెట్టి, బోర్లేసి పెట్టింది. క్లాస్‌కు సరిపోను ట్యాబ్‌లు ఒక్కసారి వీడియో నొక్కినయి, ఒక్కటి గూడ తిరగలే. స్నిగ్ధ చప్పట్లు కొట్టింది. రఘుపతి మగ్గం కింద దేవిక చిటికెన వేలు పట్టుకున్నడు.

సాయంత్రం డెమో అయినంక ఫోన్ తిప్పింది. నాయిన మిస్డ్ కాల్స్, ఒకదాని మీద ఒకటి. చూస్తుండంగనే నాయిన నంబర్‌కెల్లే మళ్ళ ఫోన్. ఎత్తితే నాయిన గొంతు గాదు.

"అక్కా, మీ నాయిన బండి మీదికెల్లి పడ్డడు, చేగుంట కాడ. నా ఆటోల మెదక్ దవాఖానకు తెచ్చిన. నువ్వు జర రా."

రఘుపతి బండి మీద పోయిండ్రు. స్కార్ఫ్ కట్టుకోవాలెనని గూడ ఆమెకు యాదిలేదు. దవాఖాన వరండాల ఆ ఆటో ఆయన చొక్కా పిండుకుంట నిలబడ్డడు.

"పానానికి ఏం కాలేదక్కా, కాలిరిగింది," అన్నడు. "మోరీ కాడ బండి జారింది. రోడ్డు మీద నీళ్ళు పోతున్నయి, బస్సులు బంద్ అయినయంట. బిడ్డ తూప్రాన్‌ల ఇర్కపోయిందని తీస్కరానీకి పోయిండంట పాపం."

దేవిక గోడ పట్టుకుంది.

"ఆఫీస్ దొరకలేదంటక్క. తూప్రాన్ అంత తిరిగిండంట. పెట్రోల్ బంక్ కాడ అడిగిండు, హోటల్ల అడిగిండు, కంప్యూటర్ ఆఫీస్ ఏడుంది, మా బిడ్డ ఆడుంటది అని. ఎవ్వలు గూడ గట్లాంటిది లేదన్నరంట. వచ్చెటప్పుడు దారంత అదే అనుకుంట వచ్చిండు. లేదంట, లేదంట అని."

వార్డుల బిక్షపతి మంచం మీద ఉన్నడు. మొఖం తెల్లగ అయ్యింది. రాజమణి కొంగు నోట్ల కుక్కుకోని నిలబడ్డది. దేవిక తడిసిన బట్టలతోని లోపలికి పోయింది. ఆమె వెనుక తలుపు కాడ, హెల్మెట్‌కెల్లి నీళ్ళు కారుతుంటే, రఘుపతి ఆగిండు. బిక్షపతి బిడ్డను చూసిండు. బిడ్డ వెనుక తలుపును చూసిండు. జర్రంత సేపు ఆ కండ్లు ఆడ్నే ఉన్నయి.

"రోడ్డు బందైందంట గదనే," అన్నది రాజమణి. "తూప్రాన్‌కెల్లి ఇంత జల్ది ఎట్లొచ్చినవ్?"

దేవిక నోరు తెరిచింది.

"ఆఫీస్ కారు ఉంటది గద రాజమణీ," అన్నడు బిక్షపతి. "దింపిపోయి ఉంటరు. నేను చూసొచ్చిన గద ఆఫీస్."

"చూసినవా?"

"చూసిన. మూడు ఫ్లోర్లు. లిఫ్ట్ ఉంది. మన బిడ్డ పై ఫ్లోర్ల కూసుంటదంట. వాచ్‌మెన్ కూసోబెట్టి చాయ్ తాపిండు. మీ బిడ్డ పనిల ఉంది, ఇప్పుడు పిలవొద్దన్నడు." నొప్పికి ఆగిండు. కండ్లు మూసుకున్నడు. "పెద్ద ఆఫీస్. నేనే జల్ది బయలెల్లిన."

మళ్ళ బిడ్డ దిక్కు చూడలే.

రాజమణికి అంత ఏడ్పుల గూడ మొఖం జర వెలిగింది. "మూడు ఫ్లోర్లా," అన్నది.

దేవిక బయటికొచ్చి రఘుపతికి ఒక్కటే మాట చెప్పింది. "ఇగ రాకు." చెప్పి లోపలికి పోయింది. ఏడ్వలే. ఏడ్చినా ఆయనకు జర నయముండు.

కాలికి రాడ్ ఏసిండ్రు. మోటార్ల కాడ నిలబడాల్నంటే చాలా టైమ్ పడ్తదన్నడు డాక్టర్. వైండింగ్ షాప్ షట్టర్ కిందికి పడ్డది. వాన పోయింది, మబ్బు మాత్రం ఊరి మీద అట్లనే కూసుంది. రఘుపతి రూముల కూసోని మెసేజ్ టైప్ చేసుడు, తుడుపుడు. ఫేబ ఫోన్ చేసి, "నా దగ్గరికి గూడ వస్తలేదురా. నాతోని గూడ మాట్లాడ్తలేదు," అన్నది. ఆమె గొంతుల గూడ జోక్ లేదు.

గప్పుడే స్నిగ్ధకెల్లి కాల్.

"రఘుపతి, గుడ్ న్యూసే అనుకో. డబ్బా లోపలి సర్క్యూట్ బోర్డ్ మారుస్తున్నరు. కొత్త ప్రాసెసర్ పెద్దది. అన్ని పేజీలకు మొదట్నుంచే అడ్రస్ ఉంటది. మీ కిటికీల కోడ్ అవసరమే లేదు, తీసెయ్యి."

"మొత్తమా?"

"మొత్తం. సారీ."

తీసేసిండు. ఇద్దరు కలిసి, కొట్లాడి, నవ్వి రాసిందంత పోయింది. దాని జాగల ఒక్క లైన్ మిగిలింది. పేజీ అడిగితే, ఉన్న అడ్రస్ ఉన్నట్టు ఇచ్చే లైన్. తెరుసుడు లేదు, మూసుడు లేదు, మర్చిపోండ్రి అని ఎవ్వలికి చెప్పుడు లేదు. రఘుపతి ఆ లైన్‌ను చూసుకుంట చానాసేపు కూసున్నడు. లేశి బండి తాళం తీస్కోని దవాఖానకు పోయిండు.

దేవిక మెట్ల కాడ కనవడ్డది. చేతుల టిఫిన్ డబ్బా. చిక్కిపోయింది.

"రాకన్న గద," అన్నది.

"ప్యాచ్ తీసేసిన. కొత్త బోర్డ్‌ల అక్కర లేదంట."

"దాని కోసం వచ్చినవా?"

"కాదు. కొత్త దాంట్ల కిటికీలే లేవు దేవీ. ఉన్నది ఉన్నట్టు. మనం గూడ గట్లనే చేద్దం. లోపలికి పోయి చెప్త. ఆఫీస్ లేదు, నేనున్న, నీ బిడ్డంటే నాకిష్టం అని. తిడ్తే తిట్టనీ."

దేవిక ఆ డబ్బాను గట్టిగ పట్టుకుంది. "నువ్వు చెప్పేది కొత్త బోర్డ్. మాది పాత ఇల్లు. అమ్మ వాడకట్టు మొత్తం చెప్పేసింది. మూడు ఫ్లోర్లు, లిఫ్ట్, చాయ్. యాదవ్వకు చెప్పింది, మా మేనత్తలకు ఫోన్ చేసి చెప్పింది, పక్క బెడ్ వాళ్ళకు చెప్పింది. ఇప్పుడు నిజం చెప్తే అబద్ధమాడింది ఎవరైతరు? నువ్వు గాదు. నేను గాదు. మా నాయిన. కాలిరిగి పండుకోని, నా కోసం అన్న మాట అది. అమ్మ మొఖం ముందట ఆయన్ని అబద్ధాలోడిని ఎట్ల చెయ్యాలె?"

రఘుపతి బండి తాళం జేబుల ఏసుకున్నడు.

"మరి ఇట్లనే ఉంచుతవా?"

"ఉంచితే నాకు నిద్రొస్తలేదు. ఆయన ఆఫీస్ గురించి నన్ను ఒక్క మాట అడుగుతలేడు. అడిగినా బాగుండు. రోజు పొద్దున, పనికి పో బిడ్డా, లేటైతది అంటడు. యాడికి పోవాలె నేను?"

గప్పుడు కండ్లనిండ నీళ్ళొచ్చినయి ఆమెకు. రఘుపతి చెయ్యి చాపిండు, మెట్ల మీద మనుషులున్నరు, మళ్ళ తీసుకున్నడు.

"ఇద్దరం పోదం," అన్నడు. "చెప్పుడో, చెప్పకపోవుడో, ఆయన మొఖం చూసి అనుకుందం. నేను బయట నిలబడి దొంగలెక్క చూసుడు మాత్రం ఇగ నాతోని కాదు."

ఆమె కాదనలే. ముందు నడిచింది.

వార్డుల రాజమణి బిక్షపతికి దిండు సర్దుతుంది. రఘుపతి మళ్ళ తలుపు కాడ్నే ఆగిపోయిండు, అలవాటైన కాళ్ళు.

"ఎవరది?" అన్నడు బిక్షపతి. "రమ్మను. ఆ పొద్దు వానల తడిసొచ్చిన పిల్లగాడే గద."

దేవిక టిఫిన్ డబ్బా కింద పెట్టింది.

"దండాలంకుల్," అన్నడు రఘుపతి.

"ఏ ఊరు, ఎవలోళ్ళ పిల్లగానివి నువ్వు?"

చెప్పిండు. ఊరు, నాయిన పేరు, అన్నీ చెప్పిండు. చెప్తే కులం గూడ తెలిసిపోతది, బిక్షపతికి తెలిసిపోయింది. ఏం లెక్క కట్టుకున్నడో, దేంతోని కొట్లాడిండో, మనకు తెల్వదు. ఆఖరికి మంచం పక్కన ఉన్న స్టూల్ చూపిండు.

"కూసో."

రఘుపతి కూసున్నడు.

"ఎవరయ్యా?" అన్నది రాజమణి.

"మన దేవి ఆఫీసే. ఆడ్నే చేస్తడు," అన్నడు బిక్షపతి. అని రఘుపతి కండ్లలకు చూసిండు. కోపం లేదు ఆ చూపుల. మస్తు అలసట ఉంది. బరువైనది ఏదో మోసి మోసి, ఒక కొస నువ్వు పట్టుకో అన్నట్టుంది. "మంచి పిల్లగాడే అనిపిస్తుండు రాజమణీ. వస్తా పోతా ఉండనీ. చాయ్ పొయ్యి."

గిట్లాంటి మాట నాయిన నోటికెల్లి వస్తదని దేవిక కలల గూడ అనుకోలే. మంచం అంచుకు కూసోని, "నాయినా," అన్నది. "నేనొకటి చెప్పాలె."

బిక్షపతి ఆమె మణికట్టు పట్టుకున్నడు. గట్టిగ గాదు. ఊకె పట్టుకున్నడు. మోటార్ల రాగి తీగ చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్ళు.

రాజమణి ఫ్లాస్క్‌లకెల్లి చాయ్ ఒంపి రఘుపతికి ఇచ్చింది. ఇన్ని రోజులకు ఆమె మొఖంల నవ్వు కనవడ్డది. బిడ్డ ఆఫీస్ మనిషి, ఇంత వినయం గల్లోడు, దవాఖానకు గూడ చూడనీకి వచ్చిండు. ఆమెకు ఇంకేం గావాలె? పక్క బెడ్ ఆమె గూడ ఇటు తిరిగి ఇంటుంది.

"మా దేవి పై ఫ్లోర్ల కూసుంటదంట గద," అన్నది రాజమణి. "నువ్వు ఏ ఫ్లోర్ బిడ్డా?"

రఘుపతి చేతుల చాయ్ కాలుతుంది. ఒక్క నంబర్ చెప్తే చాలు. ఈ స్టూల్ ఆయనదైతది, ఈ పిల్ల ఆయనదైతది, ఇగ ప్రతి పండుగకు ఆ లేని లిఫ్ట్ ఎక్కి దిగాలె, రేపు పిల్లలకు గూడ చెప్పాలె. నిజం చెప్తే ఆయన తేలికైతడు, దేవిక తేలికైతది. మంచం మీద కాలు కదపలేని మనిషి మాత్రం, పెండ్లాం ముందట, పక్క బెడ్ ఆమె ముందట, తలకాయ దించుకోవాలె. దేవిక రఘుపతి దిక్కు చూస్తుంది. ఏం చెప్పమంటదో ఆ కండ్లల్ల లేదు, ఆమెకే తెల్వదు. బిక్షపతి కండ్లు మూసుకున్నడు, గని ఇంటుండు.

మీరు చెప్పుండ్రి. ఆ స్టూల్ మీద మీరే ఉంటే, ఏ ఫ్లోర్ అంటరు?